సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ కారు: చెప్పిన రేటు సబబేనా? తిరుపతి, చిత్తూరు మిత్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో నా దగ్గరున్నది ఒక పాత స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్. చూసినవాళ్ళు మొదట అడిగేది "మైలేజీ ఎంత?", తర్వాత "ఎంతకు కొన్నావు?" అని. ఆ తర్వాత చాలామంది ఫోన్ తీసి ఒక ఫొటో చూపిస్తారు: "అన్నా, ఇది చూశాను, ఇంత చెబుతున్నారు, న్యాయమేనా?" ఇదే ప్రశ్న పదిమందికి పది రకాలుగా చెప్పాక, రాసి పెట్టేస్తే పోతుందనిపించింది. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

నేను రేటు చూసే పద్ధతి ఒకటే. బండి మీ పేరు మీదకు వచ్చి, చేయించాల్సినవన్నీ చేయించి, ఏడాది నడిపేసరికి జేబులోంచి మొత్తం ఎంత పోయిందో అది అసలు రేటు. అవతలివాడు చెప్పే అంకె అందులో పెద్ద ముక్క, అంతే.

## వెతకడం మొదలుపెట్టే ముందు

అన్నా, అసలు స్పోర్ట్స్ కారంటే ఏది? నాలుగు డోర్లున్నవి కూడా లెక్కలోకి వస్తాయా?

పుస్తకం ప్రకారం రావు. కానీ మన దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో జనం వెతికేవి చూస్తే ఆక్టేవియా ఆర్‌ఎస్, పోలో జీటీఐ, మినీ కూపర్ ఎస్, ఆడి టీటీ, బీఎండబ్ల్యూ జెడ్4, మస్టాంగ్, పోర్షే బాక్‌స్టర్, కేమన్. వీటన్నింటికీ రేటు చూసే పద్ధతి ఒకటే కాబట్టి ఒకే గాటన కట్టేస్తున్నాను. స్టిక్కర్లు అంటించి సైలెన్సర్ మార్చిన మామూలు కారు మాత్రం ఈ లెక్కలోకి రాదు, దాని ఓనర్ ఏమన్నా సరే.

మామూలు కారుకు లెక్కేసినట్టు ఏడాదికి ఇంత అని కొట్టేసుకుంటూ పోతే రేటు రాదా?

రాదు. అలాంటి పట్టిక ఇన్సూరెన్స్‌లో ఉంది, ఐడీవీ, అంటే పాలసీలో బండికి వేసే విలువ, లెక్కకు వాడతారు: ఆరు నెలల్లోపు 5 శాతం, ఏడాదిలోపు 15, రెండేళ్ళలోపు 20, మూడేళ్ళలోపు 30, నాలుగేళ్ళలోపు 40, అయిదేళ్ళలోపు 50 శాతం తరుగు. అయిదేళ్ళు దాటితే కంపెనీ, ఓనర్ మాట్లాడుకొని ఒక అంకె అనుకుంటారు. స్విఫ్ట్, క్రెటాలాంటివి ఊరినిండా ఉంటాయి కాబట్టి వాటికి ఇది కొంతైనా పనికొస్తుంది.

స్పోర్ట్స్ కార్లలో రేటును నడిపేది వేరే. ఎన్ని వచ్చాయి, ఇంకా కావాలనేవాళ్ళు ఎంతమంది, రిపేరంటే ఎంత భయం అన్నవే ముఖ్యం. 2020లో వచ్చిన ఆక్టేవియా ఆర్‌ఎస్ 245 దేశం మొత్తానికి 200 బండ్లే ఇచ్చారు, అప్పటి షోరూమ్ ధర 35.99 లక్షలు. దొరకడమే గగనం కాబట్టి అది పట్టికలో చెప్పినట్టు సగానికి దిగదు. పెద్ద ఇంజిన్ లగ్జరీ కూపేల (రెండు డోర్ల కార్ల) సంగతి దీనికి పూర్తిగా ఉల్టా. వారంటీ అయిపోగానే రిపేరు భయంతో పట్టికకంటే వేగంగా పడిపోతాయి. రెండింటికీ ఒకే శాతం పెడితే మొదటి బండి మీకు ఎప్పటికీ దొరకదు, రెండోదానికి ఎక్కువ ఇచ్చేస్తారు.

మరి న్యాయమైన రేటు ఎక్కడ తెలుస్తుంది?

ఒక నోటు పుస్తకం పెట్టండి. అదే మోడల్, అటూఇటూ ఒక ఏడాది తేడాలో, అదే గేర్‌బాక్స్ ఉన్నవి బెంగళూరు, చెన్నై, హైదరాబాద్‌లలో అయిదారు దొరుకుతాయి. తేదీ, అడిగిన రేటు, కిలోమీటర్లు, ఎన్నో ఓనర్ అన్నది రాసుకొని నెల రోజులు ఊరికే గమనించండి. వారంలో మాయమైనది సరైన రేటుకు దగ్గరలో ఉన్నట్టు. నెలన్నరైనా అక్కడే కూర్చొని, మధ్యలో ఓసారి యాభై వేలు తగ్గినది ఓనర్ ఆశకు దగ్గరలో ఉన్నట్టు.

మాయమైన బండి ఓనర్‌కు ఫోన్ చేసి "అమ్మేశారా సార్, ఏమాత్రానికి పోయింది?" అని అడగండి. నలుగురిలో ఇద్దరు చెప్పేస్తారు. అమ్మేశాక దాచుకోవడానికి ఏముంటుంది!

కొత్తది ఇప్పుడు చాలా ఎక్కువ, దానితో పోలిస్తే ఇది సగమే అంటున్నాడు. లాభమే కదా?

ఏ కొత్త ధరతో పోలుస్తున్నాడో ముందు చూడండి. పోలో జీటీఐ 2016లో 25.99 లక్షలకు వచ్చింది. తర్వాత కంపెనీయే ఆరు లక్షలు తగ్గించి 19.99 లక్షలకు అమ్మింది. అమ్మేవాడు చెప్పేది ఎప్పుడూ మొదటి అంకే.

రెండోది పన్ను. 2025 సెప్టెంబరు 22కు ముందు పెద్ద కార్ల మీద జీఎస్టీ, సెస్సు కలిపి 45 నుంచి 50 శాతం దాకా ఉండేది. ఆ రోజు నుంచి సెస్సు తీసేసి 40 శాతం చేశారు. కొత్త కారు దిగితే పాతది కూడా దిగాలి. "నేను ఇంతకు కొన్నాను" అని పాత బిల్లు చూపిస్తే ఆ బాధ ఆయనది, మీరు పంచుకోనక్కర్లేదు. ఆన్‌రోడ్ ధరలో ఆయన కట్టిన ఇన్సూరెన్స్, ఆయన వేయించుకున్న ఫ్యాన్సీ నంబరు కూడా ఉంటాయని మరిచిపోకండి.

తిరుపతిలో దొరకడం లేదు. బెంగళూరు మేలా, చెన్నై మేలా?

చెన్నై తిరుపతికి 140 కిలోమీటర్ల లోపే, బెంగళూరు 250 దాకా. చిత్తూరు వాళ్ళకు రెండూ ఇంచుమించు ఒకటే దూరం. రకాలు బెంగళూరులో ఎక్కువ, చూసి ఎంచుకోవచ్చు. చెన్నై బండి అయితే సముద్రపు గాలికి కింద బోల్టులు, సైలెన్సర్ పైపు తుప్పు పట్టాయా, వరద నీళ్ళు చూసిందా అన్న రెండు అనుమానాలు అదనం. రెండు చోట్లా ఆంధ్రా రిజిస్ట్రేషన్ ఉండదు కాబట్టి లైఫ్ ట్యాక్స్ ఖర్చు తప్పదు. అందుకే ఏపీ 39 నంబరుతోనో, 2019కి ముందుదైతే ఏపీ 03 లాంటి పాత జిల్లా నంబరుతోనో ఒక బండి దొరికి, అది లక్ష ఎక్కువైనా నేను ముందు దాన్నే చూస్తాను.

## ప్రకటన చూసి ఫోన్ చేసేటప్పుడు

ఫోన్‌లోనే అడిగేయాల్సినవి ఏంటి? ప్రతిదానికీ బెంగళూరు వెళ్ళలేను కదా.

ఎన్నో ఓనర్, తాళంచెవులు రెండూ ఉన్నాయా, చివరి సర్వీసు ఎప్పుడు, బిల్లు పంపగలరా, ఫైనాన్స్ ఉందా. ఆఖరున ఇన్సూరెన్స్ పాలసీ మొదటి పేజీ ఫొటో అడగండి. నా అనుభవంలో కారు గురించి ఎక్కువ నిజం చెప్పే కాగితం అదే. అందులో ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే డిస్కౌంట్) అని ఒక గడి ఉంటుంది. క్లెయిమ్ లేకుండా ఒక్కో ఏడాది గడిచేకొద్దీ అది 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. అయిదారేళ్ళుగా ఒకే ఓనర్ దగ్గరున్న బండికి ఎన్‌సీబీ సున్నా అని ఉంటే గత ఏడాది క్లెయిమ్ చేసి ఉంటారు, లేదా మధ్యలో పాలసీ వదిలేసి ఉంటారు. ఎందుకని అడిగినప్పుడు వచ్చే జవాబు వినండి. తడబడితే బస్సు టికెట్ డబ్బులు మిగిలినట్టే.

ఏడేళ్ళలో పన్నెండు వేలే తిరిగింది. ఎక్కువ పెట్టి కొనొచ్చా?

నేనైతే పెట్టను. కారు గుర్రంలాంటిది, కట్టేసి ఉంచితే కాళ్ళు పట్టేస్తాయి. వాడని బండిలో టైర్లు గట్టిపడతాయి, బ్యాటరీ పోతుంది, ట్యాంకులో పెట్రోలు పాడవుతుంది, రబ్బరు సీళ్ళు ఎండి ఆయిల్ కారుతుంది, ఏసీ గ్యాస్ దిగిపోతుంది. మన ఎండల్లో షెడ్డు లేకుండా నిలబెడితే డ్యాష్‌బోర్డు కూడా పగులుతుంది. తిరగకపోయినా ఏడాదికోసారి ఇంజిన్ ఆయిల్, రెండేళ్ళకోసారి బ్రేక్ ఆయిల్ మార్చినట్టు బిల్లులుంటే సరే. అవి లేకపోతే నలభై వేలు తిరిగి, సర్వీసు పుస్తకం నిండా ముద్రలున్న బండే అదే రేటుకు మంచి సరుకు.

మీటర్ వెనక్కి తిప్పారేమో ఎట్లా కనిపెట్టాలి?

సర్వీసు బిల్లుల మీద కిలోమీటర్లు వేస్తారు, తేదీల వరుసలో పేర్చి చూడండి. అంకె ఎక్కడైనా వెనక్కి పోయిందా, రెండేళ్ళు అసలు కదలలేదా తెలిసిపోతుంది. అదే కంపెనీ సర్వీసు సెంటర్‌లో ఛాసిస్ నంబరు చెప్పి పాత రికార్డు అడగొచ్చు. ఓనర్‌ను వెంటబెట్టుకొని వెళ్తే కాదనరు.

పోర్షేలాంటి వాటిలో ఇంజిన్ కంప్యూటరే మొత్తం ఎన్ని గంటలు నడిచిందో దాచుకుంటుంది. మీటర్ కిలోమీటర్లను ఆ గంటలతో భాగించండి. సగటు వేగం గంటకు 30, 40 దగ్గర వస్తే నమ్మొచ్చు. 11 వచ్చిందనుకోండి, బెంగళూరు ట్రాఫిక్‌ను ఎంత తిట్టుకున్నా అంత తక్కువ రావడం కష్టం. ఇవేవీ కుదరకపోతే బ్రేక్ పెడల్ రబ్బరు, డ్రైవర్ సీటు కుడి అంచు, స్టీరింగ్ నునుపు చూడండి. ఇరవై వేల కిలోమీటర్ల బండికి పెడల్ అరగదు.

తయారైంది ఒక ఏడాది, రిజిస్ట్రేషన్ ఇంకో ఏడాది ఉంది. దేన్ని లెక్కలోకి తీసుకోవాలి?

తయారైన ఏడాదిని. ఆర్సీలోనే నెల, సంవత్సరం ఉంటాయి. అమ్ముడుపోని ఖరీదైన కార్లు షోరూమ్‌లో ఏడాదికి పైగా ఉండిపోవడం మామూలే. అప్పుడు మొదటి ఓనర్‌కు గట్టి డిస్కౌంటే ఇచ్చి ఉంటారు, ఆ సంగతి మీకు ఎవరూ చెప్పరు.

రీమ్యాప్, ఎగ్జాస్ట్ అన్నీ కలిపి రెండు లక్షలు ఖర్చు పెట్టానంటున్నాడు. ఆ డబ్బు కూడా ఇవ్వాలా?

అక్కర్లేదు. మార్పులు చేసిన బండికి నా లెక్కలో రేటు తగ్గుతుంది. రీమ్యాప్ అంటే ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం. అలా పవర్ పెంచితే క్లచ్, టర్బో, గేర్‌బాక్స్ మీద భారం పడుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. రేపు క్లెయిమ్ దగ్గర ఇన్సూరెన్స్ వాళ్ళు ఇదే పట్టుకోవచ్చు. ఒరిజినల్ సైలెన్సర్, ఒరిజినల్ స్ప్రింగులు దాచిపెట్టి బండితో పాటు ఇస్తే మామూలు బండి రేటు ఇవ్వొచ్చు. అవి అమ్మేశానంటే, తిరిగి తెప్పించే ఖర్చు రేటులోంచి తీసేయండి.

## కారు దగ్గరకు వెళ్ళాక

మెకానిక్ లేకుండా నేనే ఏం చూసుకోగలను?

చాలానే. వెళ్ళే ముందురోజే "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు సార్" అని చెప్పండి. వెళ్ళగానే మొదట బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఎందుకు వేడి చేశాడో ఆలోచించాలి. ఒకసారి వేలూరు దగ్గర ఒకాయన "ఇప్పుడే పెట్రోలు పోయించుకొచ్చాను" అన్నాడు, ఫ్యూయల్ ముల్లు మాత్రం రిజర్వ్‌లో ఉంది. చల్లగా ఉన్న ఇంజిన్ మొదటిసారి తిరిగినప్పుడు వచ్చే చప్పుడు, సైలెన్సర్ పొగ రంగు అన్నీ చెబుతాయి. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోంది.

ఇంకొకటి. కారు కంప్యూటర్‌లోని ఎర్రర్ కోడ్‌లు చదివే చిన్న ఓబీడీ స్కానర్ కొనుక్కోండి, ఫోన్‌కు కలుపుకోవచ్చు. ఎర్రర్ కోడ్‌లు ఏమీ లేవని సంతోషపడే ముందు "రెడీనెస్" అన్న పేజీ చూడండి. అక్కడ చాలా పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని ఉంటే, మీరు వచ్చే ముందే ఎవరో కోడ్‌లు చెరిపేశారని లేదా బ్యాటరీ తీసి పెట్టారని అర్థం.

యాక్సిడెంట్ అయిందో లేదో ఎట్లా తెలుస్తుంది? పెయింట్ అయితే మెరిసిపోతోంది.

మెరుపు చూడకండి, మందం కొలవండి. పెయింట్ మందం కొలిచే మీటర్ పెడితే కంపెనీ పెయింట్ మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య, కాస్త అటూఇటూ చూపిస్తుంది. ఒక్క డోర్ 300 దగ్గరుంటే తిరిగి పెయింట్ పడింది. అంకె వెయ్యి దాటితే కింద పుట్టీ ఉంది. అల్యూమినియం బాడీ మీద అయస్కాంతంతో పనిచేసే చవక మీటర్ పనికిరాదని గుర్తుంచుకోండి. జాగ్వార్ ఎఫ్-టైప్ బాడీ అల్యూమినియమే, మస్టాంగ్ బానెట్ కూడా అంతే.

బంపర్‌కు పెయింట్ పడితే నేను పట్టించుకోను, మన ఊళ్ళ స్పీడ్‌బ్రేకర్లకు అది మామూలే. డిక్కీలో మ్యాట్ ఎత్తితే వెల్డింగ్ అతుకు కనిపించినా, బానెట్ కింద చాసిస్ బద్దీ మీద టింకరింగ్ దెబ్బలు కనిపించినా రేటు మాటే వద్దు, వచ్చేయండి.

వరదలో మునిగిన కారని అనుమానం. ఏం చూడాలి?

చెన్నై బండి అయితే 2015 డిసెంబరు, 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫాను గుర్తు పెట్టుకోండి. మన తిరుపతి బండైనా 2021 నవంబరు వానలు మరిచిపోకూడదు, ఆ రెండు రోజులు కాలనీల్లో కార్లు ఏ లోతులో నిలబడ్డాయో చూశాం కదా. సీటు బెల్టు ఆఖరిదాకా బయటకు లాగండి. కడిగినవాళ్ళు కూడా ఆ లోపలి మూర వదిలేస్తారు, మట్టి మరక అక్కడ ఉంటుంది. సీట్ల కింద పట్టాలు తుప్పు పట్టాయా, స్టెప్నీ గుంతలో ఒండ్రు ఉందా, ఏసీ పెడితే ముక్కిన వాసన వస్తోందా చూడండి. పాలసీలో ఆ ఏడాది ఎన్‌సీబీ పడిపోయి ఉంటే అనుమానం నిజమే కావచ్చు. నీళ్ళు చూసిన స్పోర్ట్స్ కారుకు న్యాయమైన రేటంటూ నాకు తెలియదు.

టెస్ట్ డ్రైవ్ తిరుమల ఘాట్‌లో చేస్తే బాగా తెలుస్తుంది కదా?

వద్దు. ఘాట్ రోడ్డులో టైము లెక్క చూస్తారు, తొందరగా చేరితే ఫైను. నెమ్మదిగా పోయినదానికి స్పోర్ట్స్ కారు గురించి తెలిసేది ఏసీ ఒక్కటే. మొగిలి ఘాట్ లారీల సంగతి చెప్పక్కర్లేదు.

చంద్రగిరి దాటాక చిత్తూరు రోడ్డు మీద ఉదయం ఆరింటికి వెళ్ళండి. వేగం కోసం వద్దు. స్థిరంగా 80లో స్టీరింగ్ ఒక పక్కకు లాగుతోందా, బ్రేక్ గట్టిగా వేస్తే పెడల్ వణుకుతోందా, పైగేర్‌లో గట్టిగా తొక్కితే ఇంజిన్ తిరుగుడు పెరిగి వేగం పెరగడం లేదా అన్నవి చూడటానికి. తర్వాత ఊళ్ళోకి వచ్చి పది నిమిషాలు ట్రాఫిక్‌లో పాకించండి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు కుదుపు ఉంటే అది ట్రాఫిక్‌లోనే బయటపడుతుంది. ఎక్కువ ఖర్చు తెచ్చేది అదే.

టైర్లు, బ్రేకులు అరిగాయి. ఎంత తగ్గించమనాలి?

షాపులో ఆ సైజుకు రేటు అడిగి, అంతా తగ్గించమనండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. గాడి లోతుగా ఉన్నా ఆరేళ్ళు దాటితే నేను మార్చాల్సిన టైరు కిందే లెక్కేస్తాను. నాలుగూ నాలుగు కంపెనీలవైతే ఓనర్ ఎక్కడ డబ్బు మిగుల్చుకున్నాడో అర్థమవుతుంది, ఆయిల్ దగ్గరా అంతే చేసి ఉంటాడు. కార్బన్ సెరామిక్ బ్రేకులున్న బండి అయితే డిస్కు ధర తెలుసుకోకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. కొన్నిటికి ఆ డబ్బుతో ఇక్కడ మంచి సెకండ్‌హ్యాండ్ వ్యాగనార్ వస్తుంది.

ఇన్‌స్పెక్షన్‌కు వేలల్లో అడుగుతున్నారు. దండగ కదా?

ఆ మోడల్‌కున్న రోగం తెలిసినవాడు చూస్తే దండగ కాదు. అందరికీ ఒకే కాగితం మీద టిక్కులు పెట్టేవాడికి ఇస్తే దండగే. పాత పోర్షేలు, అంటే 2009 మోడల్‌కు ముందు బాక్‌స్టర్, కేమన్, 911లలో చాలావాటికి ఐఎంఎస్ బేరింగ్ అనే భాగం పాడై ఇంజిన్ మొత్తం పోయే ప్రమాదం ఉంది. 2009 మోడల్ నుంచి వచ్చిన కొత్త ఇంజిన్లలో ఆ బేరింగే లేదు. సిలిండర్ గోడల మీద గీతలు పడటం ఇంకో జబ్బు, చిన్న కెమెరా లోపలికి దించి చూస్తేనే తెలుస్తుంది. గేర్ తప్పు వేసి ఇంజిన్‌ను పరిమితి దాటి తిప్పారా అన్నది కంప్యూటర్‌లో ఉంటుంది. ఆక్టేవియా ఆర్‌ఎస్ 230 అయితే డీఎస్‌జీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్, ఫిల్టర్ 60 వేల కిలోమీటర్లకోసారి మార్చారా అని బిల్లు చూడాలి. ఇవి అడగకుండానే చెప్పే మెకానిక్ దొరికితే, అడిగినంత ఇచ్చేయండి.

## కాగితాలు

కర్ణాటక బండి కొంటే ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలా? అలాగే నడిపేస్తే ఏమవుతుంది?

కట్టాలి. ఇక్కడే నేను మొదటిసారి దెబ్బ తిన్నాను. బెంగళూరులో ఒక డీలర్ దగ్గర రేటు అరవై వేలు తగ్గించుకొని, ఏదో సాధించానని ఇడ్లీ తిని ఇంటికొచ్చాను. లైఫ్ ట్యాక్స్ అన్న మాటే ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు. తగ్గించిన దానికి రెండింతలకు పైగా ఇక్కడ కట్టాను. పైగా ఎన్‌వోసీ (అభ్యంతరం లేదని అక్కడి ఆర్టీవో ఇచ్చే కాగితం) రావడానికి తిప్పలు.

వేరే రాష్ట్రం బండిని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలని చట్టం. అయితే కొన్నవాళ్ళకు ఆ గడువు పెద్దగా అక్కరకు రాదు. మీ చిరునామా తిరుపతి అయినప్పుడు పేరు మార్చుకోవాలంటే అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28తో ఎన్‌వోసీ తెచ్చి ఇక్కడే రిజిస్టర్ చేయించుకోవాలి. పన్ను బండి ధర, వయసు బట్టి ఉంటుంది. కొనే ముందే ఆర్సీ కాపీ పట్టుకెళ్ళి ఆర్టీవో ఆఫీసులో లెక్క కట్టించుకొని, ఆ మొత్తాన్ని బేరంలో పెట్టండి. పాత రాష్ట్రంలో కట్టిన పన్నులో మిగిలిన భాగం వెనక్కి అడగొచ్చు. వచ్చినప్పుడు పండగ చేసుకోండి, లెక్కలో మాత్రం వేసుకోకండి.

పదిహేనేళ్ళు దాటిన జర్మన్ రోడ్‌స్టర్ చవగ్గా వస్తోంది. తీసుకోవచ్చా?

సొంత కారు ఆర్సీ 15 ఏళ్ళకు ఉంటుంది. తర్వాత ఫిట్‌నెస్ చూసి అయిదేళ్ళకోసారి రెన్యువల్ చేస్తారు. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు మామూలు కారుకు 5 వేలు, దిగుమతి కారుకు 40 వేలు. 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటిన వాటికి రెట్టింపు చేశారు, 10 వేలు, 80 వేలు. గ్రీన్ ట్యాక్స్ వేరు. గుడ్డ టాపు బండి అయితే మన ఎండకు ఆ గుడ్డ, వెనక అద్దం అంచు ఎలా ఉన్నాయో చూడండి. బకెట్ నీళ్ళు పోసి లోపల కారుతోందా అని చూడటానికి ఓనర్ ఒప్పుకోకపోతే, కారుతుందనే అనుకోండి.

బయటి దేశం నుంచి తెచ్చినదట, రేటు సగమే. భయమెందుకు?

ఆ సగం రేటే భయం. దిగుమతి కారుకు కస్టమ్స్ కట్టిన బిల్ ఆఫ్ ఎంట్రీ ఉండాలి. కార్నెట్ అనే పర్మిట్ మీద తాత్కాలికంగా తెచ్చిన బండి తిరిగి వెళ్ళిపోవాలి, ఇక్కడ అమ్మడానికి లేదు. 2025 సెప్టెంబరులో భూటాన్ దారిలో అక్రమంగా తెచ్చిన కార్లని కేరళలో కస్టమ్స్ వాళ్ళు సోదాలు చేసి, సినిమావాళ్ళ ఇళ్ళ దగ్గర బండ్లు కూడా పట్టుకెళ్ళారు. ఎక్కడో కొండ రాష్ట్రంలో మొదటి రిజిస్ట్రేషన్, చేతులు మారిన ఎన్‌వోసీలు కనిపిస్తే ఊరికే ఫొటో దిగి వచ్చేయండి.

లోన్ ఉంది, మీరిచ్చే డబ్బుతో కట్టేసి కాగితం ఇస్తానంటున్నాడు.

డబ్బు ఆయన చేతికి ఇవ్వకండి. బాకీ ఎంతో బ్యాంకు నుంచి లెటర్ తెప్పించి, అంతవరకు నేరుగా లోన్ ఖాతాకు కట్టండి. బ్యాంకు ఎన్‌వోసీ, ఆర్సీలో లోన్ తీసేయడానికి కావాల్సిన ఫారం 35 చేతికొచ్చాక మిగతాది. పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29, 30 సంతకాలు చేయించి అదే రోజు తీసుకోండి.

యాక్సిడెంట్ కాలేదని కాణిపాకంలో ప్రమాణం చేస్తానంటున్నాడు. నమ్మొచ్చా?

వినాయకుడిని ఇందులోకి లాగొద్దని చెప్పండి. అంత ధైర్యముంటే అదే మాట తెల్ల కాగితం మీద రాసి, మీటర్ కిలోమీటర్లతో సహా సంతకం చేయమనండి. ప్రమాణానికి ముందుకొచ్చి సంతకానికి వెనక్కి తగ్గినవాళ్ళను ఇద్దరిని చూశాను.

## బేరం

ఎంత దగ్గర మొదలుపెట్టాలి? తక్కువ అడిగితే కోప్పడతాడేమో.

లెక్క చూపించి అడిగితే కోప్పడరు. ఊహకు ఒక లెక్క వేద్దాం. మీ నోటు పుస్తకం ప్రకారం ఏపీ నంబరుతో, ఏ పనీ లేకుండా బాగున్న బండి 20 లక్షలకు పోతోంది. మీ ముందున్నది కర్ణాటక బండి, అడిగింది 19. లక్ష చవక అనిపిస్తుంది. టైర్లకు 80 వేలు, ముందు బ్రేకులకు 50 వేలు, గేర్ ఆయిల్ సర్వీసుకు 20 వేలు, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ లక్షన్నర అనుకోండి. మొత్తం 3 లక్షలు. అంటే ఇది మీకు 22 పడుతోంది. 20 లక్షల బండితో సమానం కావాలంటే 17కు రావాలి. కనబడని ఖర్చుకు ఇంకో యాభై వేలు పక్కన పెడితే మీ ఆఖరి అంకె 16.5. మొదలు 15.75 దగ్గర.

ఇన్సూరెన్స్ ఇందులో వేయలేదు, ఎందుకంటే అది ఏ బండి కొన్నా కట్టేదే. బేరంలో కూడా బిల్లు ఉన్న ఖర్చే చెప్పండి. "కలర్ నచ్చలేదు, ఇరవై వేలు తగ్గించండి" అంటే మిగతా లెక్క బలం కూడా పోతుంది.

డీలర్ దగ్గర అదే బండి లక్షన్నర ఎక్కువ. ఎందుకు ఇవ్వాలి?

ఆయన లాభం మీద 18 శాతం జీఎస్టీ కడతాడు, స్థలం అద్దె, పాలిష్ ఖర్చు ఉంటాయి. ఇద్దరు మామూలు మనుషుల మధ్య అమ్మకానికి జీఎస్టీ లేదు. 10 లక్షలు దాటితే డీలర్ 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే పట్టుకునే ఆదాయపన్ను) కూడా వసూలు చేస్తాడు, అది మీ ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో తిరిగి సర్దుకోవచ్చు. ఆ అదనపు డబ్బుకు రాతపూర్వకంగా వారంటీ, పేరు మార్పు బాధ్యత ఇస్తే సరే. "మాది గ్యారంటీ సార్" అన్న నోటి మాటకు మాత్రం లక్షన్నర ఎక్కువ.

కొంత క్యాష్‌గా ఇస్తే తగ్గిస్తానంటున్నాడు.

ఒక లావాదేవీలో 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోకూడదని ఆదాయపన్ను చట్టం. పట్టుబడితే తీసుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా. మీకు కూడా బిల్లు తక్కువగా ఉంటే, రేపు గొడవ వచ్చినప్పుడు చేతిలో రుజువుండదు.

అడ్వాన్స్ ఎంత ఇవ్వాలి?

పోయినా ఏడవనంత. ఇన్‌స్పెక్షన్‌లో లోపం తేలితే వెనక్కి ఇస్తానని వాట్సాప్‌లో రాయించుకొని, యూపీఐలోనే పంపండి.

## కొన్న తర్వాత

మొదటి ఏడాది ఖర్చులో జనం మరిచిపోయేది ఏంటి?

ఎన్‌సీబీ. అది ఓనర్‌ది, బండిది కాదు. ఆయన ప్రీమియం చూసి "ఇంతేనా" అనుకుంటారు, మీ పేరు మీదకు రాగానే ఆ డిస్కౌంట్ పోతుంది. 14 రోజుల్లోపు పాలసీ మీ పేరుకు మార్చుకోవాలి.

ఇంకొకటి పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసినది. 2023 ఏప్రిల్‌కు ముందు బండ్లలో చాలావాటి రబ్బరు గొట్టాలు, సీళ్ళు దానికోసం చేసినవి కావు. పెట్రోలు మూత లోపల స్టిక్కర్ చూడండి. పాత బండి అయితే ఫ్యూయల్ గొట్టాలు ఒకసారి చూపించుకొని, ట్యాంకు నింపి నెలలు నిలబెట్టకుండా తిప్పుతూ ఉండండి.

రెండేళ్ళకు అమ్మితే ఎంత వస్తుంది?

మీరు కొన్న రేటు సరైనదైతే పెద్దగా పోదు. మాన్యువల్ గేర్‌బాక్స్, ఒరిజినల్ రంగు, రెండు తాళాలు, బిల్లుల ఫైలు ఉన్నవి తొందరగా పోతాయి. ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపేశాక మస్టాంగ్ కొనేవాళ్ళు మొదట అడిగేది విడిభాగాల గురించే, కాబట్టి ఎక్కడినుంచి తెప్పించారో ఆ బిల్లులు కూడా దాచండి.

కొనగానే కాణిపాకం తీసుకెళ్ళి పూజ చేయిద్దామనుకుంటున్నాం. కింద తగలదా?

తగలొచ్చు. స్పీడ్‌బ్రేకర్‌ను ఐమూలగా, ఒక్కో చక్రం ఎక్కేలా నెమ్మదిగా దాటించండి. కొనే ముందు బండిని ర్యాంప్ మీద ఎక్కించి ఉంటే కింద ఇంతకుముందే ఎంత గీసుకుందో మీకు తెలిసే ఉంటుంది. నిమ్మకాయలు టైరు కింద పెట్టినా పర్వాలేదు. గుమ్మడికాయ మాత్రం బంపర్‌కు కాస్త దూరంగా కొట్టమని అయ్యవారికి ముందే చెప్పండి. మా ఆర్‌ఎస్‌కు ముందు గ్రిల్ పగిలింది అక్కడే.